మనోవ్యాధికి దేహద్రవములలో ఆనవాలున్నదా?

తెలుగునాట "పైత్యము" అను మాట విననివారుండరు. మతిలేని పని చేసినవానిని చూచి "వీనికి పైత్యము ప్రకోపించినది" అందుము. ఆ మాటకు మూలము పిత్తము; అనగా కాలేయమున ఊరు పసరువంటి రసము. ఒక ద్రవము పేరు ఒక మనోవికారమునకు పేరైనది. ఒకనాటి వైద్యశాస్త్రము మన వాడుకభాషలో విడిచిపోయిన జాడ ఇది. చరకసంహిత ఉన్మాదమును ఐదు విధములుగా విభజించినది. అందు మూడింటికి వాత పిత్త కఫములను, నాలుగవదానికి ఆ మూడింటి కలయికను, ఐదవదానికి వెలుపలినుండి వచ్చు హేతువులను కారణములుగా చెప్పినది. గ్రీకు వైద్యులును ఇంచుమించుగా ఇట్లే తలచిరి. దేహములో నల్లని పిత్తము హెచ్చినచో మనుజుడు విషాదములో మునుగునని వారి మతము. విషాదమునకు ఐరోపా భాషలలో వాడుకయందున్న "మెలాంకలీ" అను పదమునకు నల్లపిత్తమనియే అర్థము.

రెండువేల యేండ్లు గడచినవి. వాత పిత్త కఫముల స్థానమున హార్మోనులు, ఎంజైములు, ప్రతిదేహములు అను క్రొత్త పేర్లు వచ్చినవి. అయినను పాత ప్రశ్న మాత్రము పోలేదు. మనస్సు చెదరిన మనిషి రక్తమునో, మూత్రమునో, మెదడును తడుపు ద్రవమునో పరీక్షించి "ఇదిగో వ్యాధి" అని చూపగలమా? మధుమేహమునకు చక్కెర, కామెరలకు పసుపు వర్ణద్రవ్యము ఆనవాళ్ళైనట్లు మతిభ్రంశమునకును ఒక ఆనవాలుండునా? నూరేండ్లకు పైగా వైద్యులును, రసాయన శాస్త్రజ్ఞులును ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచున్నారు. "దొరికినది" అని వారు పలుమార్లు ప్రకటించిరి. పెక్కు మార్లు అది పరీక్షకు నిలువక వెనుకకు తీసికొనవలసి వచ్చెను. విజ్ఞానశాస్త్రము ఎట్లు నడచునో, ఎచ్చట తొట్రుపడునో, తన పొరపాటును తానే ఎట్లు పట్టుకొనునో తెలిసికొనగోరు విద్యార్థికి ఈ కథ మంచి పాఠము.

వ్యాధి, దాని పేరు

మనోవ్యాధులలో మిక్కిలి కఠినమైన వానిలో ఒకటి స్కిజోఫ్రీనియా. జర్మను వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ 1890ల దశకమున దీనిని ఇతర ఉన్మాదములనుండి వేరుచేసి, "అకాలమున కలుగు మతిక్షయము" అను అర్థమిచ్చు లాటిను పేరు పెట్టెను. రోగులందరికిని మతి క్షీణింపదనియు, అందరికిని చిన్ననాటనే రాదనియు గమనించి, జూరిచ్ నగర వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1908లో స్కిజోఫ్రీనియా అను పేరును ప్రతిపాదించెను. గ్రీకు భాషలో దీనికి "మనస్సు చీలుట" అని అర్థము. ఈ అర్థమును పట్టుకొని, ఒకే దేహమున ఇద్దరు మనుషులు కాపురముండుటయే ఈ వ్యాధి యని పలువురు అపోహపడుచున్నారు. బ్లాయిలర్ ఉద్దేశము అది కాదు. ఆలోచన, అనుభూతి, సంకల్పము అనునవి ఒకదానితో నొకటి పొత్తు తప్పుటను ఆయన చీలిక అనెను.

ఎవరును లేనిచోట రోగికి మాటలు వినబడును. తనకు కీడు చేయుటకు ఎవరో కుట్ర పన్నుచున్నారని దృఢముగా నమ్మును. మాట పొందిక తప్పును. క్రమముగా ఉత్సాహము, స్నేహము, మాటామంతి సన్నగిల్లును. ప్రపంచమున సుమారు 300 మందిలో ఒకరు ఈ వ్యాధితో జీవించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. అనగా రమారమి 2 కోట్ల 40 లక్షలమంది. ఇది తరచుగా తొలిసారి కనబడునది పదునెనిమిది, ఇరువది యేండ్ల ప్రాయమున. పురుషులలో కొంచెము ముందుగా, స్త్రీలలో కొంచెము ఆలస్యముగా. చదువులు ముగించి బ్రదుకుతెరువు వెదకుకొను వయస్సది.

ఇంతటి వ్యాధిని నేటికిని వైద్యుడు రోగితో మాటలాడి, బంధువులను అడిగి, కొన్ని వారములో నెలలో గమనించి నిర్ణయించుచున్నాడు. రక్తపరీక్షలు చేయించుట కలదు. కాని అవి థైరాయిడు లోపము, విటమినుల కొరత, మాదకద్రవ్యముల వాడుక వంటి ఇతర కారణములు లేవని తేల్చుకొనుటకే. "ఇది స్కిజోఫ్రీనియా" అని చెప్పు రక్తపరీక్ష ఒక్కటియు లేదు.

అట్టి పరీక్ష యుండిన ఎంత మేలు! బిడ్డ మాటతీరు మారిన యింట తల్లిదండ్రులు ఎన్ని మాటలు పడుచున్నారు! పెంపకము చెడినదని ఒకరు, గాలి సోకినదని ఒకరు, చేతబడి యని మరియొకరు. వెలుగుచూడని గదిలో దాచిపెట్టిన బిడ్డలు కలరు. భూతవైద్యుల చేతులలో దెబ్బలు తిన్నవారు కలరు. ఒక కాగితముపై ఒక అంకె చూపి "ఇది దేహమునకు వచ్చిన వ్యాధి, ఎవరి తప్పును కాదు" అని చెప్పగలిగిన నాడు ఆ యిండ్ల బరువు సగము తీరును. "ఆనవాలు దొరికినది" అను వార్త పత్రికలలో వచ్చినప్పుడెల్ల లోకము ఆశతో చెవియొగ్గుటకు కారణమిదియే.

ఆశకు ఆధారములు

పరిశోధకుల ఆశ నిరాధారమైనది కాదు. వారి కన్నులయెదుట మూడు గొప్ప విజయములు జరిగినవి.

మొదటిది పక్షవాతముతో కూడిన ఉన్మాదము. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలోని పిచ్చాసుపత్రులలో ఈ రోగులు పెక్కుమంది యుండెడివారు. గొప్పలు చెప్పుకొనుట, మతి చలించుట, క్రమముగా అవయవములు పడిపోవుట, తుదకు మరణము దాని క్రమము. 1906లో జర్మనీలో ఆగస్ట్ వాసర్‌మన్, అతని సహచరులు సవాయిరోగమును రక్తములో గుర్తించు పరీక్షను కనిపెట్టిరి. ఈ ఉన్మాదరోగుల రక్తమునందును, వెన్నెముకనుండి తీసిన ద్రవమునందును ఆ పరీక్ష ఫలించెను. 1913లో జపాను దేశీయుడగు హిడెయో నోగుచి, అతని సహచరుడు మూర్ అట్టి రోగుల మెదడులో సవాయి సూక్ష్మజీవిని కన్నులార చూచిరి. 1940ల దశకమున పెనిసిలిన్ వచ్చినది. ఆసుపత్రులను నింపిన ఆ వ్యాధి అరుదైపోయెను.

రెండవది 1934లో నార్వేలో జరిగినది. ఒక తల్లికి ఇద్దరు బిడ్డలు. ఇద్దరికిని బుద్ధి వికసింపలేదు. ఇద్దరి మూత్రమునకును విచిత్రమైన వాసన. ఆమె ఎందరో వైద్యులనడిగి, కడకు రసాయనశాస్త్రముకూడ చదివిన ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుని యొద్దకు వచ్చెను. ఆయన మూత్రములో ఫెర్రిక్ క్లోరైడు చుక్కలు వేయగా ఆకుపచ్చరంగు తేలెను. ఆ రంగునకు కారణమైన ఆమ్లమును వేరుచేసి, ఫినైల్ అలనిన్ అను అమైనో ఆమ్లమును దేహము జీర్ణించుకొనలేకపోవుటయే వ్యాధిమూలమని ఆయన తేల్చెను. తరువాతి కాలమున 1950లలో ప్రత్యేకాహారము, 1960లలో పసిబిడ్డ మడమనుండి తీసిన ఒక రక్తపుబొట్టుతో పరీక్ష వచ్చినవి. పుట్టినవెంటనే గుర్తించి ఆహారము మార్చినచో ఆ బిడ్డలు చక్కగా ఎదుగుదురు. ఒక తల్లి పట్టుదల, ఒక పరీక్షనాళికలోని ఆకుపచ్చరంగు కలిసి వేలకొలది బిడ్డల బుద్ధిని కాపాడినవి.

మూడవది పెల్లాగ్రా. ఎండ తగిలిన చర్మము నల్లబడి పొరలు లేచుట, విరేచనములు, మతిభ్రమ ఈ వ్యాధి లక్షణములు. అమెరికా దక్షిణ రాష్ట్రములలో దీనివలన పిచ్చాసుపత్రి పాలైనవారెందరో. ఇది అంటువ్యాధి కాదనియు, ఆహారలోపమనియు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపించెను. నికోటినిక్ ఆమ్లము, అనగా ఒక బి విటమిను, దానికి మందని 1937లో ఎల్వేహెమ్ పరిశోధనవలన తేలెను. ఈ వ్యాధి మనకు పరాయిది కాదు. దక్కను పీఠభూమిపై జొన్నయే ప్రధానాహారముగా బ్రదుకు పేదలలో అది కనబడుచుండెను. హైదరాబాదునందలి పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య దానిని పరిశోధించి, జొన్నలో అధికముగా నుండు ల్యూసిన్ అను అమైనో ఆమ్లము దీనికి హేతువై యుండవచ్చునని 1960లో ప్రతిపాదించిరి. ఆ పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ.

సూక్ష్మజీవి, జన్మతః వచ్చిన జీర్ణలోపము, విటమిను కొరత. మూడు కారణములు వేరు. మూడింటను మతి చెడినది. మూడింటను రసాయన పరిశోధన దారి చూపినది. ఇక స్కిజోఫ్రీనియా మాత్రము ఎందులకు లొంగదు?

ఎర్రబారిన రక్తరసము

1957లో స్వీడను దేశీయుడగు ఓకర్‌ఫెల్ట్ ఒక పరీక్షను ప్రకటించెను. రక్తమునుండి కణములను తొలగింపగా మిగిలిన రసములో ఒక రసాయనమును కలిపినచో, మనోరోగుల రసము ఆరోగ్యవంతుల రసముకంటె త్వరగా ఎర్రబారును. పత్రికలు సంబరపడినవి. ఉన్మాదమునకు రక్తపరీక్ష దొరికినదని వార్తలు వ్రాసినవి.

ఇతర పరిశోధకులు ఆ యెరుపు వెంటబడిరి. ఆ రంగు రాకను ఆలస్యము చేయు పదార్థము రక్తములో నొకటి కలదు. అది విటమిను సి. నిమ్మ, నారింజ, ఉసిరి, పచ్చికూరలనుండి వచ్చునదియే. ఏండ్లతరబడి ఆసుపత్రి గోడలనడుమ ఉడికి చల్లారిన కూడు తినువారికి ఆ విటమిను తక్కువ. అందువలన వారి రక్తరసము త్వరగా ఎర్రబారినది. విటమిను చాలినంతగా నిచ్చిన రోగులలో ఆ భేదము నిలువలేదు. పరీక్ష పట్టి చూపినది ఆసుపత్రి వంటశాలలోని లోపమును!

1959లో అమెరికాలో మరియొక సంగతి బయటపడెను. స్కిజోఫ్రీనియా రోగుల మూత్రమున కొన్ని ఫినాలిక్ ఆమ్లములు అధికముగా నున్నవని అంతకుముందే కొందరు చెప్పియుండిరి. మాన్, లాబ్రోస్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఆ యామ్లములను, రోగుల దినచర్యను పక్కపక్కన పెట్టి చూచిరి. అధికముగా కనబడినవానిలో ముఖ్యమైనవి వ్యాధితో గాక, వారు త్రాగు కాఫీతో పొందికగా హెచ్చి తగ్గుచుండెను. ఆసుపత్రిలో పొద్దుపోవుటకు కాఫీకంటె వేరు తోడు లేనివారు కాఫీ అధికముగా త్రాగుట సహజమే.

అదే సంవత్సరమున సేమర్ కేటీ అను శాస్త్రజ్ఞుడు "సైన్స్" పత్రికలో రెండు భాగముల వ్యాసము వ్రాసి, అంతవరకు వచ్చిన రసాయన సిద్ధాంతములనన్నిటిని తూచెను. ఆసుపత్రి ఆహారము, మందులు, కదలిక లేని జీవితము, కిక్కిరిసిన వార్డులలో సోకు అంటురోగములు రోగి రక్తమును, మూత్రమును మార్చగలవనియు, ఆ మార్పులను వ్యాధిగా భ్రమపడరాదనియు హెచ్చరించెను. పరిశోధకులకు ఇంతకంటె స్పష్టమగు హెచ్చరిక ఉండబోదు. అయినను మూడు సంవత్సరములు తిరుగకముందే అంతకంటె గొప్ప ఆశ ఒకటి మొలకెత్తినది.

గులాబి చుక్క

అమెరికా ఖండమున పెరుగు పెయోటి అను నాగజెముడు జాతి మొక్కలో మెస్కలిన్ అను పదార్థము కలదు. దానిని తిన్నవానికి లేని రంగులు, లేని రూపములు కనబడును. 1952లో ఇంగ్లండున హంఫ్రీ ఆస్మండ్, జాన్ స్మైదీస్ ఒక చక్కని ఊహ చేసిరి. మెస్కలిన్ అణువు మన దేహములో సహజముగా తయారగు అడ్రినలిన్ అణువును పోలియున్నది. కొందరి దేహము పొరపాటున తన పదార్థములకు మిథైల్ సమూహములను తగిలించి, మెస్కలిన్‌వంటి విషమును తానే తయారుచేసికొనుచున్నదేమో! అదియే స్కిజోఫ్రీనియా యేమో!

ఊహను పరీక్షించుటకు పనిముట్టు సిద్ధముగానే యున్నది. అద్దుడుకాగితముపై సిరాచుక్క వేసి, అంచును నీటిలో ముంచినచో, నీరు పైకి ప్రాకుచు సిరాలోని రంగులను వేరువేరు ఎత్తులలో విడిచిపోవును. బడిలో పిల్లలు చేయదగిన ఈ ప్రయోగమే పెరిగి పెద్దదై క్రొమటోగ్రఫీ అను గొప్ప పద్ధతి యైనది. దానిని తీర్చిదిద్దిన మార్టిన్, సింజ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులకు 1952లో నోబెల్ బహుమానము లభించెను. మూత్రమువంటి వంద పదార్థముల మిశ్రమమునైనను కాగితముపై విడదీసి, రంగు తెప్పించు మందు చల్లి, ఏ చుక్క ఏ పదార్థమో చూడవచ్చును.

1962లో న్యూయార్కునందు ఆర్నాల్డ్ ఫ్రీడ్‌హాఫ్, ఎల్నోరా వాన్ వింకిల్ ఈ పనియే చేసిరి. 19 మంది స్కిజోఫ్రీనియా రోగులలో 15 మంది మూత్రమున కాగితముపై ఒక గులాబిరంగు చుక్క తేలినది. పోలికకై తీసికొన్న 14 మంది ఆరోగ్యవంతులలో ఒక్కరికైనను అది లేదు. ఆ చుక్కలోని పదార్థము డోపమిన్ అను దేహపదార్థమునకు రెండు మిథైల్ సమూహములు చేరగా నేర్పడినది. మెస్కలిన్‌కు అది దాదాపు తోబుట్టువు. పది సంవత్సరములనాటి ఊహ కాగితముపై గులాబిరంగున పూచినట్లయినది.

ఆ పిమ్మట పలు దేశముల ప్రయోగశాలలలో ఆ చుక్కకై వేట సాగెను. ఇంగ్లండున కొందరు 1965లో తమకును కనబడినదనిరి. మరికొందరు రోగులయందు కనబడలేదనిరి. ఆరోగ్యవంతులయందు కనబడినదనియు కొందరనిరి. 1966లో ఆ పదార్థమును మనుషులకిచ్చి చూచిరి. మెస్కలిన్ కలిగించు భ్రమలలో ఒకటియు కలుగలేదు. రోగులు వాడు క్లోర్‌ప్రోమజిన్ వంటి మందులు దేహములో విరిగినప్పుడు అట్టి చుక్కలనే కలిగింపగలవని మరికొందరు చూపిరి.

1970లో స్టాబెనౌ, క్రెవెలింగ్, డాలీ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు చిక్కుముడిని విప్పిరి. వారి వ్యాసము పేరులోనే జవాబున్నది. గులాబి చుక్కతోపాటు అందు మామూలు తేయాకునకు చోటు దొరికినది. ఆ చుక్క తేనీరు త్రాగినవారిలో కనబడుచున్నది. త్రాగువాడు రోగియా, వైద్యుడా అను భేదము చుక్కకు లేదు.

ఎనిమిది సంవత్సరముల శ్రమ ఒక టీకప్పులో తేలినది. నవ్వు వచ్చుట సహజము. కాని నవ్వుటకు ముందు ఒక మాట ఆలోచింపవలెను. ఫ్రీడ్‌హాఫ్ బృందము చూచిన చుక్క కల్ల కాదు; వారు లెక్కించిన అంకెలు కల్లలు కావు. చుక్క నిజము, దాని అర్థమే వేరు. విజ్ఞానశాస్త్రమున మిక్కిలి ప్రమాదకరమైనది ఇట్టి నిజమే.

పోలికలోని చిక్కు

విటమిను సి, కాఫీ, తేనీరు. మూడు పొరపాటులకును మూలమొకటే. రోగులను, ఆరోగ్యవంతులను పోల్చితిమని పరిశోధకులు తలచిరి. వారు నిజముగా పోల్చినది ఆసుపత్రిలో బ్రదుకువారిని, ఇంటియొద్ద బ్రదుకువారిని. ఒకరు తినునది మరియొకరు తినరు. ఒకరు మ్రింగు మాత్రలు మరియొకరు మ్రింగరు. ఒకరు నడచి తిరుగుదురు, మరియొకరు గోడవైపు చూచుచు కూర్చుందురు. దేహద్రవములు ఈ సమస్తమును తమలో వ్రాసికొనును. అందు వ్యాధి వ్రాసిన అక్షరమేదో, జీవితము వ్రాసిన అక్షరమేదో విడదీయుటయే అసలైన కష్టము. కావుననే నేటి పరిశోధకులు ఏ మందును ఎరుగని తొలిదశ రోగులను ఎన్నుకొని, వారి వయస్సు, ఆహారము, పొగత్రాగు అలవాటు, శరీరపు బరువు సరిపోలిన వారితోనే పోల్చుటకు యత్నించుచున్నారు.

మరియొక చిక్కు లెక్కలలోనిది. ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై చేసి చూపవచ్చును. నూటికి తొంబది పాళ్ళు సరియైన ఫలితమిచ్చు పరీక్ష యొకటి దొరికినదనుకొందము. 3,000 మందిని పరీక్షించితిమి. 300 మందికి ఒకరు చొప్పున వారిలో రోగులు 10 మంది. పరీక్ష వారిలో 9 మందిని పట్టును. మిగిలిన 2,990 మంది వ్యాధి లేనివారు. వారిలో నూటికి పదిమంది, అనగా 299 మంది, పొరపాటున రోగులుగా తేలుదురు. మొత్తము 308 మందికి "రోగి" అని ముద్రపడినది. నిజముగా రోగులు 9 మంది మాత్రమే. తొంబది పాళ్ళు సరియైన పరీక్ష ముద్రవేసిన ప్రతి నూరుగురిలో తొంబదియేడుగురు వ్యాధిలేనివారు! సమాజము వెలివేయు పేరొకటి ఒక యువకునికి తగిలించుటకు ముందు ఈ లెక్క చేయని శాస్త్రము శాస్త్రము కాదు.

నేటి వెదకులాట

గులాబి చుక్కతో వేట ఆగిపోలేదు. 1952లో పారిస్ నగరమున క్లోర్‌ప్రోమజిన్ రోగులకు మేలుచేయునని తేలెను. 1963లో స్వీడనున ఆర్విడ్ కార్ల్‌సన్ చేసిన ప్రయోగములనుండి ఇట్టి మందులు మెదడులో డోపమిన్ పనిని అడ్డగించునని తెలియవచ్చెను. అట్లయిన రోగుల మెదడులో డోపమిన్ హెచ్చియుండవలెను గదా యని వెన్నెముకనుండి ద్రవమును తీసి, డోపమిన్ విరిగినపుడు మిగులు పదార్థమును కొలిచిరి. స్థిరమగు భేదము తేలలేదు. ఏల? ఊరంతటి మురుగుకాలువ నీటిని ముంతతో ముంచి చూచినచో ఏ యింట ఏమి వండిరో తెలియదు. ఆ ద్రవమును అంతే. మెదడులోని సమస్త భాగముల వ్యర్థములును అందు కలసిపోవును. తరువాత సజీవమగు మెదడునే చిత్రించు యంత్రములు వచ్చిన పిమ్మట, మెదడు లోపలి ఒక భాగమున డోపమిన్ ఉత్పత్తి పలువురు రోగులలో హెచ్చియున్నదని తెలిసినది. భేదము కలదు, కాని అది ద్రవములో స్పష్టముగా కనబడదు.

2001లో స్వీడను పరిశోధకులు రోగుల వెన్నుద్రవమున కైన్యురెనిక్ ఆమ్లము హెచ్చియున్నదని ప్రకటించిరి. ట్రిప్టోఫాన్ అను అమైనో ఆమ్లము దేహములో మారుచు పోవు దారిలో పుట్టునది ఇది. ఆ దారియే మరియొక కొమ్మగా చీలి, పెల్లాగ్రాకు మందైన విటమినును తయారుచేయును. హైదరాబాదున జొన్నకూటితో మొదలైన ప్రశ్నకును, ఉత్తర ఐరోపాలోని ఈ ప్రశ్నకును దేహములోని ఒకే రసాయనమార్గము చుట్టరికము కలిపినది. ఈ భేదమును తరువాతి పరిశోధనలును కనుగొన్నవి. అయినను రోగుల కొలతలును, ఇతరుల కొలతలును ఒకదానిపై నొకటి పడుచుండుటచేత, ఒక మనిషిని కూర్చుండబెట్టి "నీకు వ్యాధి కలదు, లేదు" అని చెప్పుటకు అది చాలదు. తొలిదశ రోగుల రక్తములో వాపును సూచించు కొన్ని ప్రొటీనులు సగటున హెచ్చుగా నుండుటయు అట్టిదే. సగటు వేరు, మనిషి వేరు. 2010లో రక్తమునందలి 51 పదార్థములను ఒకేసారి కొలిచి వ్యాధిని సూచించు పరీక్ష యొకటి అమెరికాలో అంగడికి వచ్చెను. కొలది సంవత్సరములలోనే దానిని అంగడినుండి తీసివేసిరి.

ఈ నిరాశల నడుమ నిజమైన గెలుపొకటి కలదు. 2007లో అమెరికాలో జోసెప్ డాల్మౌ, అతని సహచరులు 12 మంది స్త్రీల కథను ప్రకటించిరి. భ్రమలు, భయములు, తలక్రిందులైన మాటలు. పిమ్మట మూర్ఛలు, స్పృహ తప్పుట. వారి రక్తమునందును, వెన్నుద్రవమునందును మెదడుకణములపైనుండు ఒక గ్రాహకమును తమ దేహమే శత్రువుగా భావించి దాడిచేయు ప్రతిదేహములు కనబడినవి. పలువురికి అండాశయమున గడ్డ యుండెను. గడ్డను తీసి, రోగనిరోధకశక్తి దూకుడును తగ్గించు చికిత్స చేసినచో కోలుకొనిన వారు అనేకులు. అంతకుముందు ఇట్టివారిలో కొందరు పిచ్చివారను పేరుతోనే కాలము గడిపియుందురు. నేడు అనుమానము కలిగించు లక్షణములున్నచో వైద్యులు ఆ పరీక్షను చేయించుచున్నారు.

పేరు మారిన వ్యాధులు

ఈ కథనంతయు ఒకచోట చేర్చి చూచినచో ఒక వింత కనబడును. సవాయివలన వచ్చిన ఉన్మాదమునకు ఆనవాలు దొరికినది. అది నాడీవైద్యుల పుస్తకములోనికి పోయెను. పెల్లాగ్రాకు మూలము తెలిసినది. అది పోషకాహార శాస్త్రములోనికి పోయెను. ప్రతిదేహముల వ్యాధి దొరికినది. దానికిని వేరు పేరు వచ్చెను. ఆనవాలు దొరికిన ప్రతి వ్యాధియు "పిచ్చి" అను పెద్ద కుప్పనుండి లేచి, తన పేరు తాను పెట్టుకొని వెడలిపోవుచున్నది. మిగిలిన కుప్పకు మనము పెట్టుకొన్న పేరులలో ఒకటి స్కిజోఫ్రీనియా. అది ఒకే వ్యాధి కాకపోవచ్చును. జ్వరమనునది పలు వ్యాధుల ఉమ్మడి ముఖమైనట్లు ఇదియు పలు దారులు కలియు కూడలి కావచ్చును. వేయి దారులకు ఒకే గులాబి చుక్క దొరకకపోవుటలో ఆశ్చర్యమేమి? వేట విఫలమైనట్లు తోచినను, కుప్పనుండి ఒక్కొక్కరు విముక్తులగుచునే యున్నారు.

అంతవరకు మనము చేయవలసినదేమి? ద్రవములలో ఆనవాలు లేనంత మాత్రమున వ్యాధి లేదనుట సరికాదు. తలనొప్పికిని రక్తపరీక్ష లేదు; తల నొచ్చుట అబద్ధము కాదు. కారణమంతయు తెలియకున్నను మందులు కలవు. కుటుంబపు ఆదరణయు, పనిలో పెట్టు తోడ్పాటును తోడైనచో పలువురు చక్కగా బ్రదుకుచున్నారు. చికిత్స ఎంత త్వరగా మొదలైన అంత మేలు.

ఇచ్చట ఉపాధ్యాయుల పాత్ర చిన్నది కాదు. నిన్నటివరకు ముందువరుసలో కూర్చున్న విద్యార్థి కారణము లేక వెనుకకు జరుగును. స్నేహితులను విడుచును. రాత్రులు నిదురింపడు. అందరును తన్ను గూర్చియే మాటలాడుచున్నారనును. వ్రాతలో పొందిక తప్పును. ఇవన్నియు ఈ వ్యాధి లక్షణములే యని ఎంచరాదు. పేరు పెట్టుట ఉపాధ్యాయుని పని కాదు. ఆ మార్పును గమనించుట, తరగతిలో హేళన కానీయకుండుట, ఇంటివారితో నెమ్మదిగా మాటలాడుట, వైద్యునియొద్దకు దారి చూపుట ఆయన పని. దారి తెలియనివారికై భారత ప్రభుత్వము 2022లో నెలకొల్పిన "టెలీ మానస్" సేవ 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో లభించును.

కేటీ పరిశోధకులకు చెప్పిన మాట మనకును వర్తించును. రోగి మూత్రమును చూచిన శాస్త్రజ్ఞులు అతడు త్రాగిన తేనీటిని అడుగుట మరచిరి. అడిగిననాడు నిజము తెలిసినది. ఒక మనిషి మాటతీరు మారినదని విన్నప్పుడు మనమును తీర్పు చెప్పుటకు ముందు అతని జీవితమును గూర్చి అడుగవలెను. నిదుర యెట్లున్నది, భోజనమెట్లున్నది, భయమేమి, తోడెవరు? ఆనవాలు దొరకువరకు వైద్యుని చేతిలోనున్న పరీక్షయు ఇదియే. దానికి పరీక్షనాళిక అక్కరలేదు, ఓర్పు కావలెను.